కాలరు మీద అంకె

చూపుడు వేలు నాలుకకు తాకించి, ఇస్త్రీపెట్టె అడుగున అలా అంటించి తీసేవాడు. చుయ్‌మనేది. ఆ చప్పుడు విని వేడి చాలిందో లేదో తేల్చేవాడు. పెట్టె ఎదురుగా లేనప్పుడు కూడా ఆ వేలు ఊరుకునేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే, వేలు తడిపి, గాలిలో దేన్నో తాకి, ఒక్క క్షణం చెవి ఒగ్గి, అప్పుడు జవాబు చెప్పేవాడు. వాన వస్తుందా అని అడిగినా అంతే. అన్నం వడ్డించనా అని భార్య అడిగినా అంతే.

అందరూ అతన్ని మడతాయన అనేవారు. మూడంతస్తుల భవనంలో మెట్ల కింద అతని దుకాణం. మెట్లతో పాటే కప్పు కూడా వాలుగా దిగుతుంది. ఒక చివర నిటారుగా నిలబడొచ్చు. రెండో చివర బట్టల మూటలు మాత్రమే నిలబడగలవు. నెత్తి మీద ఎవరు దిగుతున్నారో అడుగుల చప్పుడును బట్టి తెలిసేది. చొక్కా మడత పెట్టాడంటే అది కొత్తగా కొన్నదో, పదేళ్లుగా తొడుగుతున్నదో పోల్చుకోవడం కష్టం. దుకాణం వెనక గదిలోనే కాపురం. ఆ గదిలో మాత్రం ఏ బట్టా ఇస్త్రీ ఎరగదు. అతను, భార్య, భార్య తమ్ముడు, ముగ్గురూ నలిగిన బట్టల్లోనే తిరిగేవారు. దుకాణం చూసి ఇల్లు పోల్చుకోలేమని ఆమె అనేది. పనివేళ అయిపోయిందని అతను అనేవాడు.

ఆ వీధి వాళ్లకు ఒక ఆట పిచ్చి ఉండేది. నిదాన సైకిల్ పోటీ. బస్సు డిపో వెనక మైదానంలో సున్నంతో గీతలు గీస్తారు. ఆ గీతల మధ్య సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాలి. కాలు కింద పెట్టకూడదు, గీత దాటకూడదు, వెనక్కి రాకూడదు. అందరికంటే ఆఖరున చేరినవాడు గెలిచినట్టు. దీనికొక సంఘం కూడా ఉంది. సంఘం అధ్యక్షుడు ఏ సమావేశానికీ వేళకు వచ్చేవాడు కాదు. అలా రాకపోవడం ఆయన హోదాకు తగినదేనని సభ్యులు భావించేవారు.

పందెం మొదలైంది ఒక తగాదాతో. భవనంలో అద్దెకుండే ఇద్దరు, రేపు ఎవరు గెలుస్తారని మడతాయన బల్ల ముందు గొడవ పడ్డారు. ఇస్త్రీకి తెచ్చిన బట్టలు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి. గొడవ తెగక, పని సాగక, మడతాయన ఒక తీర్పు చెప్పాడు. ఎవరి మాట నెగ్గితే వాళ్ల జత ఉచితంగా చేస్తాను. ఓడినవాళ్లు కూలి ఇచ్చి, బట్టలు నలిగినవి నలిగినట్టే తీసుకెళ్లాలి. అంతే కాదు, సోమవారం వాటినే తొడుక్కుని పనికి పోవాలి.

ఇది అందరికీ నచ్చింది. నెల తిరిగేసరికి, సోమవారం పొద్దున బస్ స్టాపులో నిలబడితే, ఆదివారం ఎవరు ఎవరి మీద పెట్టారో వీపులు చూసి చెప్పొచ్చు. రెండో అంతస్తు మేనేజరు వరసగా మూడు సోమవారాలు నలిగి వెళ్లాడు. ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని ఆఫీసు వాళ్లు ఆయనకు సెలవిచ్చారు.

అయితే రాను రాను అందరూ పాలాయన మీదే పెట్టసాగారు. పాలాయన సైకిలుకు నాలుగు క్యాన్లు వేలాడేసుకుని తెల్లవారకముందే వీధిలోకి వచ్చేవాడు. గుమ్మం ముందు ఆగి, కాలు దించకుండానే పాలు పోసి, ఇంటిల్లిపాదినీ పలకరించి, కదిలిపోయేవాడు. అలాంటివాడు ఖాళీ సైకిల్ మీద ఎలా ఓడతాడు. ప్రతి ఆదివారం గెలిచాడు. ప్రతి సోమవారం మడతాయన ఉచితంగా ఇస్త్రీ చేశాడు. వీధి అంతా పెళ్లికి వెళ్తున్నట్టు మెరిసిపోయింది. మడతాయన ఇంట్లో మాత్రం కూరలోకి నూనె తగ్గింది.

అప్పుడు తన అక్కను పిలిపించాడు.

అక్క గుర్రప్పందేల మైదానంలో టికెట్ల కిటికీ వెనక కూర్చుని, అక్కడే తల నెరిసి, పదవీ విరమణ చేసిన మనిషి. అన్నాళ్లలో ఒక్క గుర్రాన్ని కూడా కళ్లారా చూడలేదు. కిటికీ అటువైపుకు లేదు. వచ్చి, బల్ల మీది చొక్కాలు మూడు దొంతరలుగా వేసింది.

ఇది నల్ల గుర్రం, దీని మీద పన్నెండు మంది తలా ఒక చొక్కా పెట్టారు. ఇది తెల్ల గుర్రం, ఆరుగురు. ఇది కుంటి గుర్రం, ఇద్దరు. మొత్తం ఇరవై. ముందు అందులోంచి రెండు తీసి నీ వెనక పెట్టుకో, అవి నీ కూడు. మిగిలినవి పద్దెనిమిది. నల్లది గెలిస్తే ఆ పద్దెనిమిదీ పన్నెండు మంది పంచుకుంటారు, తలా ఒకటిన్నర. తెల్లదైతే తలా మూడు. కుంటిదైతే తలా తొమ్మిది. ఇలా చెప్పుకుంటూ పోయింది.

మడతాయన వేలు తడిపి గాలిని తాకాడు. "కుంటిది కాబట్టి తొమ్మిదా?"

"కాదురా. దాని మీద ఇద్దరే పెట్టారు కాబట్టి తొమ్మిది. అది కుంటుతోందన్న సంగతి అంకెకి తెలీదు. అంకె గుర్రాన్ని చూసి రాదు. గుర్రం మీద పెట్టినవాళ్లని చూసి వస్తుంది."

అతను మూడు దొంతరల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆ చొక్కాలు తీసి, ఎవరివి వాళ్లకు సర్ది, నెమ్మదిగా అన్నాడు, అయితే పోటీ చూడక్కర్లేదన్నమాట. నేనెప్పుడైనా చూశానా అంది అక్క.

మరుసటి వారం దుకాణం ముందు పలక వెలిసింది. పాలాయన, ఒకటికి ఒకటిన్నర. మిగతావాళ్లకు మూడు, ఐదు, తొమ్మిది. ఎక్కువమంది పెడితే అంకె దిగుతుంది, పెట్టకపోతే ఎక్కుతుంది. ఒకటిన్నర జతల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. అర జత అంటే చొక్కానా, ప్యాంటా? మేనేజరు ప్యాంటు అన్నాడు, ఎందుకంటే దానికి పని ఎక్కువ. మడతాయన చొక్కా అన్నాడు. చివరికి అర జత అంటే నడుము పైన అని పలక మీద రాసి పెట్టాల్సి వచ్చింది.

పద్ధతి కుదిరింది. కూరలోకి నూనె వచ్చింది. ఇలా ఉండగా సంఘంవాళ్ల సాలీనా పోటీ దగ్గరపడింది. ఆఖరి పోటీకి ముగ్గురు మిగిలారు. పాలాయన, రెండో అంతస్తు టైపిస్టమ్మ, మడతాయన బావమరిది.

బావమరిది ఎలా మిగిలాడో ఎవరికీ అర్థం కాలేదు. అతను కొరియర్ పనివాడు. అన్నం తింటూనే చెప్పుల్లో కాళ్లు దూర్చేవాడు. మాట మొదలుపెట్టి, చివర చెప్పకుండానే వీధి మలుపు తిరిగిపోయేవాడు. ఆ జోరులో ఇద్దరు ముగ్గురిని గుద్దాడు కూడా. ఇంకొకరిని గుద్దితే పనిలోకి రానక్కర్లేదని ఆఫీసులో చెప్పేశారు. అందుకని అక్క, అంటే మడతాయన భార్య, తమ్ముడికి నిదానం అలవడుతుందని బలవంతాన పోటీలో చేర్చింది. మొదటి పోటీలో ఎదుటివాడి చక్రం గాలి పోయింది. రెండో పోటీలో ఎదుటివాడికి తుమ్ము వచ్చింది. అలా ఆఖరిదాకా వచ్చాడు.

పలక మీద అతని అంకె, ఒకటికి ఇరవై.

టైపిస్టమ్మ పేరు పక్కన ఏమీ లేదు. ఆవిడ వచ్చి కళ్లద్దాలు తుడుచుకుని, తన పేరు పక్కన ఖాళీగా ఉందేమని అడిగింది. ఎవరూ పెట్టలేదమ్మా, ఒక్కరైనా పెడితేగాని అంకె రాదన్నాడు మడతాయన. కావాలంటే మీ మీద మీరే ఒక జత పెట్టుకోవచ్చన్నాడు. ఆవిడ ఆలోచించింది. "నా మీద నేనా? బాగోదండీ," అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు సాయంత్రం భార్య వచ్చి పలక ముందు నిలబడింది.

"ఇరవై ఏంటండీ? మా తమ్ముడు ఇరవయ్యో వాడా? ఉన్నదే ముగ్గురు."

"వాడి మీద ఒకటి పెడితే ఇరవై వస్తాయి."

"అంటే గెలవడనేగా?"

"అంటే వాడి మీద ఒక్కరే పెట్టారని."

"పెడితే తగ్గుతుందా?"

"తగ్గుతుంది."

"బాగా తగ్గితే?"

"అందరికంటే తక్కువకి దిగితే, వాడే గెలుస్తాడని జనం అనుకుంటున్నట్టు."

ఆమె 'జనం అనుకుంటున్నట్టు' అన్న ముక్క వదిలేసి, మిగతాది పట్టుకుంది. తగ్గితే గెలుస్తాడు. తగ్గించడం మన చేతిలో ఉంది. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అనుకుంది.

"నావి రెండు జతలు రాయండి," అంది.

"మన బట్టలు నేనెప్పుడు ఇస్త్రీ చేశాను?"

"అందుకే. ఓడినా నలిగేదేం లేదుగా."

అతను నవ్వి, ఆ రెండు జతల అంచుల లోపల ఇరవై అని గుర్తు వేశాడు.

మర్నాటి నుంచి ఆమె భవనం ఎక్కడం దిగడం మొదలుపెట్టింది. అతనికి ఆమె అడుగులు నెత్తి మీద వినబడుతూనే ఉన్నాయి. ప్రతి తలుపూ తట్టింది. మా తమ్ముడి అంకె కాస్త కిందికి లాగిపెట్టండి, మీకు పుణ్యముంటుంది అంది. ఎదురింటి బేకరీ ఆయన మూడు జతలు పెట్టాడు, ఎందుకంటే ఆమె చెల్లెలి వరస. మేనేజరు రెండు జతలు పెట్టాడు, నలిగి వెళ్తే మళ్లీ సెలవు ఇస్తారేమోనని. అంకె పద్దెనిమిదికి దిగింది. పదిహేనుకు దిగింది. దిగుతున్నదంటే ఏదో ఉండే ఉంటుందని, ఆమె తట్టని తలుపుల వాళ్లు కూడా వచ్చి పెట్టారు. వచ్చిన ప్రతివాడి కాలరు లోపలా మడతాయన ఆ క్షణాన ఉన్న అంకె రాసి ఇచ్చాడు. చివరి వారానికి బావమరిది, ఒకటికి రెండు. పాలాయన, ఒకటికి నాలుగు.

పాలాయన ఒక పొద్దున పలక ముందు సైకిల్ ఆపాడు. కాలు దించలేదు.

"నా అంకె పెరుగుతోందేంటి మడతాయనా? నాకేమైంది?"

"నీకేం కాలేదు. జనం అటు పెడుతున్నారు, అంతే."

"ఊరికే పెడతారా?"

ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు అన్నీ చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే నాలుగెందుకు ఉంటుందని పాలాయన అడిగాడు. డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. విశ్రాంతి తీసుకోమని రాసిచ్చాడు. విశ్రాంతి అనే మాట చూడగానే పాలాయనకు నిజంగానే నీరసం వచ్చింది.

మడతాయన అక్క ఆదివారం వచ్చింది. తమ్ముడు ఎంత బాగా నేర్చుకున్నాడో చూడాలని పలక చూసింది, తలాడించింది. తర్వాత బల్ల మీది చొక్కా ఒకటి తీసి కాలరు తిప్పింది. పద్దెనిమిది. ఇంకొకటి తిప్పింది. పదిహేను. ఇంకొకటి. పదకొండు.

"ఇవేంట్రా?"

"వాళ్ల వాళ్ల అంకెలు."

"మా దగ్గర కిటికీ మూసేదాకా అంకె ఎటైనా పోతుంది. మూశాక ఏది ఉంటే అందరికీ అదే. నువ్వు వచ్చినవాడికి వచ్చినప్పుడే రాసిచ్చేశావా?"

"బట్ట మీద గుర్తు వెయ్యకపోతే ఎలాగక్కా? కలిసిపోవూ?"

"దేంతో రాశావు?"

"గుర్తుల సిరాతో."

"ఉతికితే పోతుందా?"

"పోకూడదనే కదా ఆ సిరా."

అక్క బల్ల దగ్గరికి పీట లాక్కుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క కాలరూ తిప్పి లెక్క వేశారు. పాలాయన గెలిస్తే ఏ బాధా లేదు. బావమరిది గెలిస్తే, భార్యకు రావలసిన నలభైతో కలిపి, మూడు వందల జతలు. అన్నీ ఉచితం. అవి అయ్యేదాకా ఆ భవనంలో డబ్బిచ్చి ఇస్త్రీ చేయించుకునేవాడు ఒక్కడూ మిగలడు. ఆ నెలలన్నీ ఇంట్లో పొయ్యి వెలగదు. దుకాణం అద్దె కట్టలేడు. మెట్ల కింద జాగా కోసం పాత ఇనుము కొనేవాడు ఇప్పటికే రెండుసార్లు అడిగి వెళ్లాడు.

బావమరిది గెలవకూడదు. ఆ మాట పైకి అనడానికి లేదు. గోడకు అవతలే భార్య ఉంది. ఆమె తమ్ముడు ఆ నిమిషంలో వీధిలో సైకిల్ మీద కదలకుండా నిలబడటం సాధన చేస్తున్నాడు. పడిన ప్రతిసారీ చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మడతాయనకు హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.

రాసింది రాసినట్టే ఉండాలంటే ఒక దారి ఉందని అక్క చెప్పింది. పందేల మైదానం బయట, ముందే అంకె ఖాయం చేసి రాసిచ్చే వాళ్లు కొందరుండేవారట. ఒకే గుర్రం మీద బరువు పడిపోతే, వాళ్లు గుట్టుగా ఇంకొకరి దగ్గరికి వెళ్లి, అదే గుర్రం మీద తామే పెట్టుకునేవారట. గెలిస్తే అక్కడ వచ్చింది ఇక్కడ ఇచ్చేస్తారు. ఓడితే ఇక్కడ మిగిలింది అక్కడ కట్టేస్తారు.

"నెత్తిన బరువెక్కువైతే పక్కవాడి నెత్తిన దించాలి. అప్పుడు ఎవడు గెలిచినా నీకొకటే," అంది.

పక్కవాడు పక్క వీధిలో ఉన్నాడు. గాజు తలుపు లాండ్రీ. ఆ యజమాని తెల్లటి బట్టలు కట్టి, మడతలు పడతాయని రోజంతా కూర్చోకుండా నిలబడే ఉండేవాడు. మడతాయన పందేలు చూసి తనూ మొదలుపెట్టాడు, కాని అంకెలు వేయడం రాదు. ఆదివారం ఆదివారం మనిషిని పంపి మడతాయన పలక చూసి రాయించుకునేవాడు. ఆ వారం ఇంకా పంపలేదు. అక్కడ గాజు మీద బావమరిది ఇంకా ఒకటికి పదిహేను.

ఇరవై జతలు పెడితే చాలు. మూడు వందలు.

ఇరవై జతల నలిగిన బట్టలు వీధిలో ఎవరింట్లోనైనా ఉన్నాయంటే అది మడతాయన ఇంట్లోనే. పెట్టెలో ఉన్నవి, తీగ మీద ఉన్నవి, తలుపు వెనక మేకుకు ఉన్నవి, ముగ్గురివీ మూట కట్టాడు. ఒంటి మీదివి తప్ప ఏమీ మిగల్లేదు. మూట భుజాన వేసుకుని పక్క వీధి మొదలు నుంచి చివరిదాకా నడిచాడు. ఇస్త్రీ చేసేవాడు ఇస్త్రీకి బట్టలు మోసుకుపోతుంటే జనం తలలు తిప్పి చూశారు.

గాజు తలుపాయన చూసి అడిగాడు, చేతికేమైనా దెబ్బ తగిలిందా అని. లేదు, పందెం అన్నాడు మడతాయన. ఎవరి మీదో విన్నాక ఆయన మడతలు పడినా పరవాలేదన్నట్టు నవ్వాడు.

"మీ బావమరిదా? నిన్న నా తలుపునే గుద్దాడు."

ఇరవై జతలు, ఒకటికి పదిహేను అని రసీదు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

తిరిగి వస్తుంటే భుజాలు తేలికగా ఉన్నాయి. మూట లేనందువల్ల మాత్రమే కాదు. బావమరిది గెలిస్తే మూడు వందల జతలూ గాజు తలుపు వెనక అవుతాయి. పాలాయన గెలిస్తే బావమరిది మీద పెట్టినవాళ్ల కూలితో ఆ ఇరవై జతల కూలి కట్టేయొచ్చు. అటూ ఇటూ సరిపోయింది. ఇన్ని వారాలు చూసి, రాసి, తుడిచి, అంకె అంటే ఏమిటో అప్పుడే పూర్తిగా తెలిసినట్టు అనిపించింది.

ఇంటికి రాగానే భార్య ఖాళీ పెట్టె ముందు నిలబడి ఉంది.

"మన బట్టలన్నీ ఏవండీ?"

"పక్క వీధిలో పెట్టాను."

"ఎవరి మీద?"

"నీ తమ్ముడి మీద."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. మా వాడంటే మీకు మొదటి నుంచీ చిన్నచూపనుకున్నాను అంది. నేనే పొరపాటు పడ్డాను అంది. మడతాయన బరువు దించుకోవడం గురించి చెప్పబోయాడు. వేలు తడిపి గాలిని తాకాడు. చెవి ఒగ్గాడు. ఏం వినిపించిందో, నోరు మూసుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట బావమరిదికి చేరింది. బావ ఒంటి మీది బట్టలు తప్ప ఉన్నవన్నీ నీ మీద పెట్టాడురా అని మడతాయన భార్య చెప్పింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బావమరిది చెప్పుల్లోంచి కాళ్లు బయటికి తీశాడు. ఊహ తెలిశాక మొదటిసారి కూర్చుని చివరి ముద్ద దాకా తిన్నాడు.

"బావా," అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. అతను మాట పూర్తి చేయకపోవడం కొత్త కాదు గాని, అక్కడే ఉండి పూర్తి చేయకపోవడం కొత్త.

ఆ రోజు నుంచి వీధిలో పడిన చప్పుళ్లు తగ్గాయి. మూడో నాటికి ఆగిపోయాయి.

పోటీ రోజు మధ్యాహ్నం మైదానం నిండింది. అధ్యక్షుడు రాలేదు కాబట్టి వేళకే మొదలుపెట్టారు. టైపిస్టమ్మ బుద్ధిగా, గీత తప్పకుండా, ఏకబిగిన తొక్కి, అందరికంటే ముందు చేరింది. క్షమించండి అని దిగిపోయింది. మిగిలినవాళ్లు ఇద్దరు.

ఆ ఇద్దరూ సగం దూరం వచ్చి ఆగారు. ముందుకు లేదు, పక్కకు లేదు. పాలాయన ఎలాగూ ఆగగలడు. చిత్రమేమిటంటే బావమరిది కూడా ఆగాడు. పళ్లు బిగించి, ముందు చక్రం కొంచెం వంకరగా పెట్టి, బావ ఇంటి బట్టలన్నీ నెత్తి మీద దొంతర పెట్టినట్టు, అవి జారకూడదన్నట్టు నిలబడ్డాడు. ఒక కుక్క గీతల మధ్యకు వచ్చి, రెండు చక్రాలూ వాసన చూసి, అవి స్తంభాలేనని నిర్ణయించుకుని, తన పని చేసుకుని వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడు వచ్చి, ఇంకా మొదలవలేదా అని అడిగాడు.

భార్య మడతాయన చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి తడిగా ఉంది. అతనిది పొడిగా ఉంది. ఇన్ని వందల మందిలో ఎవరు గెలిచినా పరవాలేని మనిషి తానొక్కడే. అందరూ ఏదో చూస్తున్నారు. అతనికి రెండు సైకిళ్లు కనబడుతున్నాయి, అంతే. ఎవరో ఒకరు గెలవాలని అనుకుందామని ప్రయత్నించాడు. కుదరలేదు.

ఎండ వాలింది. పాలాయన తల తిప్పకుండా పిలిచాడు.

"మడతాయనా. నా అంకె ఇప్పుడెంత?"

మైదానం మొత్తం ఇటు తిరిగింది. మధ్యాహ్నం పందేలు మూసే ముందు జనం ఆఖరి జతలు కూడా బావమరిది మీదే పెట్టారు. ఒకటిన్నర అని అబద్ధం చెబితే పాలాయన పొద్దుగూకినా దిగడని మడతాయనకు తెలుసు. చెప్పకుండా ఊరుకోవచ్చు కూడా. కాని ఎటూ లాభం లేనివాడికి అబద్ధం ఎందుకు.

"ఏడు," అన్నాడు.

"పొద్దున నాలుగన్నావు."

"పొద్దున నాలుగే."

"ఏడంటే నేను పడిపోతాననేగా?"

"కాదు. అంకెకి నీ సంగతి తెలీదు. అది నిన్ను చూసి రాదు."

పాలాయన కాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నంతసేపూ సైకిల్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇంతమంది ఊరికే పెడతారా," అని, కాలు కింద పెట్టాడు. సైకిల్ నడిపించుకుంటూ జనంలోంచి వెళ్లిపోయాడు.

బావమరిది దిగలేదు. గెలిచావురా అని తన అక్క అరిచినా నమ్మలేదు, తనను కదిలించడానికి పన్నిన ఎత్తు అనుకున్నాడు. చివరికి నలుగురు కలిసి సైకిల్‌తో సహా ఎత్తి, గీత అవతల దించారు. అక్క, టికెట్ల కిటికీ అక్క, జీవితంలో మొదటిసారి ఒక పోటీ చూసింది కాబట్టి, తమ్ముడి పక్కకు వచ్చి, అడిగినప్పుడు చెప్పకుండా ఉండాల్సిందిరా అంది. అడిగాడు కదక్కా అన్నాడు మడతాయన.

చీకటి పడకముందే మెట్ల కింద జనం చేరారు. కాలర్లు తిప్పి చూపించారు. ఇరవై, పద్దెనిమిది, పదిహేను. మడతాయన ఎవరితోనూ వాదించలేదు. మూటలన్నీ తీసుకుని, ఒక వరసలో పెట్టి, రసీదు జేబులో వేసుకుని పక్క వీధికి వెళ్లాడు.

గాజు తలుపాయన రసీదు అటూ ఇటూ తిప్పాడు. సంతకం తనదే. ఆ పూట మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడెక్కడ మడతలు పడ్డాయో చూసుకోలేదు.

"రాసిచ్చాను కాబట్టి చేస్తాను. కాని మూడు వందల జతలు. నాకు రోజూ వచ్చే బట్టలు కూడా ఉన్నాయి. నా ఒక్కడి చేతుల మీద అయ్యే పని కాదు." కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "ఈ చుట్టుపక్కల మీకు తెలిసిన ఇస్త్రీ మనిషి ఎవరైనా ఉన్నారా? కూలికి పెట్టుకుంటాను."

మడతాయన లెక్క వేసుకున్నాడు. తన వాడుకవాళ్ల బట్టలన్నీ ఇక ఇక్కడికే వస్తాయి. అవి అయ్యేదాకా మెట్ల కింద పెట్టె వేడెక్కించే అవసరమే ఉండదు.

"ఉన్నాడు," అన్నాడు. "పని తెలిసినవాడే."

"ఎక్కడుంటాడు?"

"మెట్ల కింద."

ఈ సంగతి విని అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి మెట్ల మీద కూర్చుంది. అన్నేళ్లు కిటికీ వెనక కూర్చున్నా ఇలాంటి లెక్క ఎప్పుడూ తగల్లేదంది. భార్యకు నవ్వు అర్థం కాలేదు. ఆమె తమ్ముడికి అన్నం వడ్డిస్తోంది. తమ్ముడు నెమ్మదిగా, మెతుకు మెతుకూ లెక్కపెడుతున్నట్టు తింటున్నాడు. అతని భోజనం అయ్యేసరికి మిగతావాళ్లకు కునుకు వచ్చింది.

మర్నాడు పొద్దున మడతాయన దుకాణం తలుపు తెరవలేదు. మూటలు ఒక్కొక్కటే భుజాన వేసుకుని పక్క వీధికి మోశాడు. అన్నీ చేరాక, గాజు తలుపాయన కిటికీ పక్కన ఖాళీ బల్ల చూపించి, రోజుకు ఇంత అని చెప్పాడు. మడతాయన ఒప్పుకోలేదు. రోజుకు కాదు, జతకింత అన్నాడు. ఆయన ఒక మాట చెప్పాడు, ఇతను ఇంకో మాట చెప్పాడు. చాలాసేపు బేరమాడి, అనుకున్నదానికంటే పావు వంతు పెంచుకుని, అప్పుడు మొదటి చొక్కా బల్ల మీద పరిచాడు.